రసీదు పుస్తకం చెప్పే పాఠాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  

ఆహ్వాన సంఘం వారు నాకిచ్చిన అంశం "మహిళా సేవా క్లబ్బులు – నిధుల సేకరణ, సమాజ సేవ". ఇది చెప్పడానికి ఇంజనీరు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అడిగితే మన కార్యదర్శిగారు, "నువ్వు ముప్పయ్యేళ్ళుగా నీటి సరఫరా పనుల్లో ఎస్టిమేట్లు వేస్తున్నావు కదా, డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో నీకు తెలుసు" అన్నారు. డబ్బు ఎక్కడికి పోతుందో మాత్రం బాగానే తెలుసు. ఎక్కడ్నుంచి వస్తుందో తెలిసినవాళ్ళు మన ఇళ్ళల్లోని ఆడవాళ్ళు. అందుకే ఈ నాలుగు మాటలూ వాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటలుగానే మనవి చేస్తాను.

ముందు మన ఊరి సంగతి. ధనంబోడు మీది బౌద్ధ స్తూపం మనందరికీ తెలిసిందే. చిన్నప్పుడు విహారయాత్ర అంటే మనల్ని నడిపించుకు వెళ్ళింది అక్కడికే. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, ఆ స్తూపం తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు నిలబెట్టారు. నిలబెట్టినవాడు రాజు కాదు, మంత్రి కాదు. సిద్ధార్థుడనే పనివాళ్ళ మేస్త్రి. ఒక రకంగా నా వృత్తివాడే. ఆ శాసనంలో తన పేరు ఒక్కటే చెక్కించుకోలేదాయన. తల్లి పేరు, భార్య పేరు, కొడుకు పేరు, కూతురి పేరు, సోదరుడి కుటుంబం పేర్లు కూడా చెక్కించాడు. అమరావతి శాసనాల్లోనూ దానం చేసిన స్త్రీల పేర్లు ఎన్నో కనబడతాయి. అంటే కృష్ణా తీరంలో చందాదారుల జాబితాలో ఆడవాళ్ళ పేరు ఉండటం నిన్న మొన్నటి ముచ్చట కాదు. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఆచారం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీనితో పని ఉంది.

ఇక రెండో ఊరు పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు మనమంతా వెళ్ళినవాళ్ళమే. ఆ ఊళ్ళోనే 1874లో భండారు అచ్చమాంబ గారు పుట్టారు. విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆమెకు తమ్ముడు, 1877లో అదే ఊళ్ళో పుట్టారు. అచ్చమాంబ గారు బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్న వయసులోనే పెళ్ళయింది. భర్త మధ్యపరగణాల్లో ఇంజనీరు ఉద్యోగి. తమ్ముణ్ణి తమ దగ్గరే ఉంచుకుని చదివించారు, అతని పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. తెలుగు కాక హిందీ, మరాఠీ కూడా చదివారు. స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. గురజాడ వారి "దిద్దుబాటు" 1910 నాటిది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, అచ్చమాంబ గారు "ధనత్రయోదశి" కథ రాశారు.

ఆ 1902లోనే మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం ప్రారంభించారు. తర్వాత ఊరూరా తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించారు. ఆ రోజుల్లో ఒక గృహిణి ఇంటి గడప దాటి సభకు రావడమే పెద్ద సేవ. నిధులు, బ్యానర్లు, శాలువలు ఏమీ లేవు. కూర్చోవడానికి చాప, చదువుకోవడానికి పుస్తకం, చెప్పేవాళ్ళు ఒకరు, వినేవాళ్ళు పదిమంది. తన పిల్లలు చిన్నతనంలోనే పోయిన దుఃఖంలో ఉండి కూడా దిక్కులేని పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించిన తల్లి ఆమె. 1905లో ముప్పై, ముప్పై ఒకటేళ్ళ వయసులోనే వెళ్ళిపోయారు. మన తాలూకా ఆడబిడ్డ ఆంధ్రదేశంలో మహిళా సంఘాలకు దారి వేసినవారిలో ఒకరని మన పిల్లలకు ఎంతమందికి చెప్పాం? ఈ రోజు ఇక్కడున్న టీచర్లు వచ్చే వారం ప్రార్థన సమయంలో ఈ ఒక్క ముక్క చెబితే చాలు, నా ప్రసంగం సార్థకం.

మూడో ఊరు కాకినాడ. దుర్గాబాయి గారి కథ. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండో ఏడు. దేవదాసీలూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీగారి మాట వినాలని ఆ పిల్ల పట్టుపట్టింది. నిర్వాహకులు 5,000 రూపాయల విరాళం తెస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పిల్ల కదా, తేలేదులే అనుకుని ఉంటారు. ఆ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. గాంధీగారు వచ్చి, చెప్పిన పది నిమిషాలు దాటి మాట్లాడారు. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. సుమారు 25,000 రూపాయల విలువ వచ్చిందని దుర్గాబాయి గారే తర్వాత రాసుకున్నారు.

నేను దీంట్లో చూసేది ఒక్కటే. ఊరంతా చిన్నచూపు చూసిన స్త్రీలు, ఊరు అడిగిన మొత్తం కంటే అయిదు రెట్లు ఇచ్చారు. చందాకు వెళ్ళినప్పుడు "వాళ్ళేమిస్తారులే" అని మనం దాటుకు వెళ్ళే గుమ్మాలు కొన్ని ఉంటాయి. ఆ గుమ్మాల దగ్గర ముందు ఆగాలి.

దుర్గాబాయి గారిదే ఇంకో సంగతి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర ఆమె వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు, చేతిలో టిక్కెట్టు లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడ్డారు. చివరకు టిక్కెట్టు కొని ఇచ్చాకే ఆయన లోపలికి వెళ్ళారు. దీన్ని మనం సాధారణంగా ధైర్యానికి ఉదాహరణగా చెబుతాం. నేను దీన్ని జమాఖర్చులకు ఉదాహరణగా చెబుతాను. సేవా కార్యక్రమంలో పైసా లెక్క తప్పడం మొదలయ్యేది పెద్దవాళ్ళను టిక్కెట్టు లేకుండా పంపిన గేటు దగ్గరే. ఉచిత పాసులు పంచిన కొద్దీ కార్యక్రమం ఘనంగా కనబడుతుంది, పెట్టె మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఆ అమ్మాయే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం దగ్గర మొదలై, వసతి గృహాలు, వృత్తి శిక్షణ, నర్సుల శిక్షణ, ఆసుపత్రి, కళాశాలలు ఇలా పెరిగింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. దేశం మూలమూలల ఉన్న చిన్న చిన్న మహిళా మండళ్ళకు గ్రాంటు ఇచ్చే పని ఆ బోర్డుది. స్వయంగా చందా పుస్తకం పట్టుకుని తిరిగిన మనిషికి ఆ బాధ్యత ఇచ్చారు.

ఇక ఇప్పుడు మనం చూస్తున్న క్లబ్బుల సంగతి. 1905లో షికాగోలో రోటరీ పుట్టింది. చాలా కాలం అందులో మగవాళ్ళకే సభ్యత్వం. 1924 జనవరి 10న ఇంగ్లండులోని మాంచెస్టరులో మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు ఆధ్వర్యంలో రోటరీ సభ్యుల భార్యలు, కుటుంబ స్త్రీలు వేరే క్లబ్బు పెట్టుకున్నారు. అదే ఇన్నర్ వీల్. రోటరీ, లయన్స్ సంస్థలు స్త్రీలకు నేరుగా తలుపులు తెరిచింది 1980ల చివర్లోనే. మన పట్టణాల్లో ఇన్నర్ వీల్, లయనెస్, వాసవీ వనితా క్లబ్బులు, మహిళా మండళ్ళు ఇలా రకరకాల పేర్లతో ఉన్నాయి. పేరు ఏదైనా పనితీరు దాదాపు ఒకటే. పాతిక ముప్పై మంది సభ్యురాళ్ళు, నెలకో సమావేశం, జూలైలో కొత్త అధ్యక్షురాలి పదవీ స్వీకారం, ఏడాదికి ఇన్ని కార్యక్రమాలని లెక్క.

వీళ్ళు డబ్బు ఎలా పోగుచేస్తారో గమనించండి. సభ్యత్వ రుసుం మొదటిది. సంక్రాంతికి ముగ్గుల పోటీ, దసరాకు బొమ్మల కొలువు పోటీ పెట్టి ప్రవేశ రుసుం తీసుకుంటారు. చీరల, చేనేత వస్త్రాల ప్రదర్శన పెట్టి స్టాళ్ళకు అద్దె తీసుకుంటారు. ఎండాకాలంలో ఆవకాయ, వడియాలు, అప్పడాలు పెట్టి అమ్ముతారు. తంబోలా ఆడిస్తారు. సావనీరు వేసి ప్రకటనలు తెస్తారు. మనం ఇప్పుడు చేతిలో పట్టుకున్న సావనీరు కూడా ఆ బాపతుదే.

ఇందులో ఒక కిటుకు ఉంది, ఇంజనీరు కంటికి వెంటనే కనబడేది. ఉదాహరణకు ఒక వినోద కార్యక్రమం పెట్టామనుకుందాం. టిక్కెట్ల మీద 2 లక్షలు వచ్చాయి. హాలు అద్దె, మైకు, లైటింగు, కళాకారుల ఖర్చులు, భోజనాలు, శాలువలు, జ్ఞాపికలు కలిపి 1 లక్షా 70 వేలు అయ్యాయి. మిగిలింది 30 వేలు. అదే పాతికమంది ఆడవాళ్ళు కలిసి ఆవకాయ పెట్టారనుకోండి. మామిడికాయలు ఒకరి తోటలోవి. కారం మన మెట్ట పొలాల మిరపకాయల్ని ఆడించినదే. నూనె, ఆవాలు, సీసాలు కొన్నారు. 60 వేల అమ్మకం, 25 వేల ఖర్చు, మిగిలింది 35 వేలు. ఫోటో పేపర్లో పడేది మొదటిదానికి. ఆసుపత్రిలో మంచం వచ్చేది రెండోదానికి. మొత్తం ఎంత వచ్చిందని అడగకూడదు, చివరికి ఎంత మిగిలిందని అడగాలి. ఇల్లు నడిపే ఆడవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. పోపుల డబ్బాలో దాచిన డబ్బుతో కొడుకు పరీక్ష ఫీజు కట్టిన తల్లులు మన అందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు.

పోపుల డబ్బా పద్ధతికే ఊరంత రూపం వస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక తర్వాత అదే జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. అది రాష్ట్రమంతా పాకి, డ్వాక్రా సంఘాలకు ఊపిరి పోసింది. ఈ రోజు బ్యాంకు మేనేజరు ఎవరైనా చెబుతారు, బాకీ తీర్చడంలో మహిళా సంఘాల తర్వాతే ఎవరైనా అని. కాబట్టి మహిళా సేవ అంటే క్లబ్బు ఒక్కటే కాదు. పట్టుచీర కట్టుకుని వచ్చే క్లబ్బు సభ్యురాలికీ, పత్తి చేలోంచి వచ్చి సంఘం పుస్తకంలో సంతకం పెట్టే సభ్యురాలికీ తెలిసిన విద్య ఒకటే: చిన్న మొత్తం, క్రమం తప్పకుండా, అందరి కళ్ళముందు లెక్క.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక ఒక లోపం కూడా చెప్పాలి. ఇది ఆడవాళ్ళ క్లబ్బులకే కాదు, మగవాళ్ళ క్లబ్బులకూ, పూర్వ విద్యార్థుల సంఘాలకూ, మా ప్రభుత్వ శాఖలకూ సమానంగా ఉన్న జబ్బు. ప్రారంభోత్సవం మీద ఉన్న ప్రేమ నిర్వహణ మీద ఉండదు. క్లబ్బులో ఏటా అధ్యక్షురాలు మారుతుంది. అది మంచిదే, అందరికీ అవకాశం వస్తుంది. కానీ కొత్తగా వచ్చినవారు తమ పేరున కొత్త పని మొదలుపెట్టాలనుకుంటారు. పోయినేటి పని ఎవరిదీ కాకుండా పోతుంది.

మంచినీళ్ళ ఆర్‌వో ప్లాంటే తీసుకోండి, నా రంగం కాబట్టి చెబుతున్నాను. దాత డబ్బిచ్చాడు, రిబ్బను కత్తిరించారు, ఫలకం పెట్టారు. ఆర్‌వోలో ముందుండే ఫిల్టర్లు కొన్ని నెలలకోసారి మార్చాలి. మెంబ్రేన్ రెండు మూడేళ్ళకు మార్చాలి. మన మెట్ట ప్రాంతంలో బోరు నీళ్ళు గట్టివి, మార్చకపోతే అది ఉప్పు పట్టి మూసుకుపోతుంది. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. వదిలేసిన ఉప్పునీళ్ళు ఎటు పోవాలో ముందే చూడాలి. ఇవేవీ ఫలకం మీద ఉండవు. ఫలితం ఏమిటంటే, నేను తిరిగిన బళ్ళల్లో, ఏ బడి అని అడక్కండి, మెరుస్తున్న ఫలకం కింద తాళం వేసిన ప్లాంటును ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. పిల్లలు పక్కనే కుండలో నీళ్ళు తాగుతున్నారు.

మరుగుదొడ్డి సంగతి ఇంకా సున్నితం. మా మాస్టర్ల ముందు ఈ మాట మాట్లాడటానికి మొహమాటపడను, ఎందుకంటే మొహమాటం వల్లే ఈ సమస్య ఇన్నేళ్ళు నిలిచింది. ఈ పదిహేనేళ్ళల్లో బళ్ళల్లో కట్టడాలు చాలా వచ్చాయి. 2012లో సుప్రీంకోర్టు ఆదేశాలు, తర్వాత స్వచ్ఛ విద్యాలయ, మన రాష్ట్రంలో నాడు-నేడు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. 2021లో "స్వేచ్ఛ" పేరుతో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. గోడలు లేచాయి, గదులు వచ్చాయి. కానీ గోడతో పని పూర్తి కాదు. ట్యాంకులో నీళ్ళుండాలి, తలుపుకు లోపల గడియ ఉండాలి, రోజూ కడిగే మనిషి ఉండాలి, వాడిన న్యాప్‌కిను వేయడానికి మూతున్న బుట్ట, దాన్ని తీసుకెళ్ళే ఏర్పాటు ఉండాలి. ఈ నాలుగింట్లో ఒకటి లేకపోయినా ఆడపిల్ల ఏం చేస్తుందో ఇక్కడున్న తల్లులకు తెలుసు. ఇంట్లో బయల్దేరేటప్పుడు నీళ్ళు తాగడం మానేస్తుంది. మే నెల ఎండ జగ్గయ్యపేటలో ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మార్చి, ఏప్రిల్ నుంచే ఇక్కడ సెగ మొదలవుతుంది. అలాంటి ఊళ్ళో ఒక పిల్ల సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా లెక్కలు చేస్తోందంటే, ఆ తరగతి గది ఎంత అందంగా కట్టినా ఏం లాభం?

ఇలాంటి చోటే మహిళా క్లబ్బుల సేవ మగవాళ్ళ వల్ల కానిది. ఒక క్లబ్బు సభ్యురాలు, ఒక లేడీ డాక్టరు, ఒక టీచరమ్మ కలిసి 8వ తరగతి ఆడపిల్లలతో గంట కూర్చుంటే, పదిమంది ఇంజనీర్లు ఏడాది సర్వే చేసినా తెలియని సంగతి బయటికొస్తుంది. రక్తహీనత కూడా అలాంటిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వేలి కొస నుంచి ఒక్క బొట్టు తీసి చూసే హిమోగ్లోబిన్ పరీక్షకు పెద్ద ఖర్చు అవదు. ఖర్చయ్యేది తర్వాత. తక్కువ వచ్చిన పిల్ల ఐరన్ మాత్రలు వేసుకుంటోందా లేదా అని మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి చూడాలి. శిబిరం పెట్టడం ఒక రోజు పని. రెండోసారి వెళ్ళడమే సేవ. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డుకునే హెచ్‌పీవీ టీకా గురించి 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లల తల్లులకు చెప్పడం కూడా క్లబ్బులు చేపట్టదగ్గ పని. అది మైకులో చెప్పేది కాదు, ఇంటికెళ్ళి చెప్పేది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల వరద మనకు ఇంకా మరుపుకు రాలేదు. మునేరు, పాలేరు పొంగి ఊళ్ళు చుట్టుముట్టిన రోజుల్లో అన్నం పొట్లాలకు కొదవ లేదు. దాతలు ఎప్పుడూ అన్నం తెస్తారు. కానీ తడిసిన ఇంట్లో ఉన్న ఆడదానికి పొడి చీర, న్యాప్‌కిన్లు, పసిబిడ్డకు పాలు, కిరసనాయిలో గ్యాసో ఏదో ఒక పొయ్యి కూడా కావాలి. ఎక్కడ వరదొచ్చినా సరే, సాయం జాబితా ఆడవాళ్ళు రాస్తే అందులో ఈ వస్తువులు ఉంటాయి. మనం రాస్తే మర్చిపోతాం.

ఇప్పుడు నిధుల చట్టపరమైన సంగతులు నాలుగు చెబుతాను. మన సంఘానికి పనికొస్తాయి.

మొదటిది, విరాళాల పన్ను మినహాయింపు గుర్తింపు. ఆ గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళంలో, సాధారణంగా సగం మీద దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి రాదు. కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు వర్తించదు. వాళ్ళకు ముందే చెప్పేస్తే తర్వాత మాట పడనక్కర్లేదు.

రెండోది, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. సున్నపురాయి పుణ్యమా అని మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఫ్యాక్టరీ పరిసర గ్రామాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. వట్టి దరఖాస్తుతో వెళితే చాలదు. రిజిస్టరు అయిన సంస్థ, ఆడిట్ అయిన లెక్కలు, పని ఎస్టిమేటు ఉండాలి. ఈ ఎస్టిమేటు నేను ఉచితంగా వేసి పెడతాను.

మూడోది, అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మన మిత్రులకు. మీ దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంఘం అది తీసుకోకూడదు. ప్రేమతో ఇచ్చేదే అయినా చట్టం చట్టమే. నెహ్రూగారికే టిక్కెట్టు అడిగారని ఇందాక చెప్పుకున్నాం.

నాలుగోది చట్టంలో లేనిది. జమాఖర్చుల పట్టిక ఏటా బడి నోటీసు బోర్డు మీద అంటించాలి. దాతల పేర్ల ఫలకం ఎంత ఉందో, ఈ పట్టిక కూడా అంతే కనబడాలి.

ఇక అసలు మాటకు వస్తాను. స్వర్ణోత్సవ గుర్తుగా ఏం చేయాలన్న దాని మీద మన సంఘంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఒకటి, బడి ముందు పెద్ద ఆర్చి. రెండోది, ఆడపిల్లల అవసరాలకూ, మంచినీళ్ళకూ మూలనిధి. ఆర్చి కోరేవాళ్ళు నా మిత్రులే, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. బడికి ఒక గుర్తు ఉండాలి, హైవే మీద వెళ్ళేవాడు చూసి "ఇది మా బడి" అనుకోవాలి, దాత పేరు నాలుగు కాలాలు నిలవాలి. ధనంబోడు స్తంభాలు నిలబెట్టిన మేస్త్రి కూడా అలా అనుకునే ఉంటాడు. నేను కట్టడాలకు వ్యతిరేకిని కాను, కట్టడం నా అన్నం. నేను అడిగేది వరుసక్రమం గురించి. ముందు మూలనిధి, మిగిలితే ఆర్చి.

లెక్క చూడండి. 10 లక్షలు బ్యాంకులో వేసి, ఏడాదికి 6.5 శాతం వడ్డీ అనుకుంటే 65,000 వస్తుంది. ధరలు పెరుగుతాయి కాబట్టి అందులో 15,000 మళ్ళీ అసల్లో కలపాలి. మిగిలిన 50,000 అంటే నెలకు 4,000 పైచిలుకు. రోజుకు గంటన్నర వచ్చి మరుగుదొడ్లు కడిగే మనిషికి జీతంలో సాయం, ఫిల్టర్ల మార్పు, గడియలు, కుళాయిల మరమ్మతు, బుట్టలు. ఇంతే. ప్రభుత్వం ఇచ్చేదానికి ఇది తోడు, బదులు కాదు. అదే 10 లక్షలు ఆర్చికి పెడితే మొదటి ఏడాది అందంగా ఉంటుంది. మూడో ఏడాదికి రంగు వెలుస్తుంది. రంగు వేయడానికి మళ్ళీ చందా పుస్తకం తీయాలి.

ఈ నిధి ఎవరి చేతిలో ఉండాలన్నది రెండో ప్రశ్న. నా మనవి ఇది. అయిదుగురి కమిటీలో ముగ్గురు మన పూర్వ విద్యార్థినులు ఉండాలి. ఊళ్ళోని మహిళా సేవా క్లబ్బు నుంచి ఒకరు, బడి నుంచి ఒక టీచరమ్మ. చెక్కు మీద సంతకం ఇద్దరిది. పదవీకాలం మూడేళ్ళు, అందరూ ఒకేసారి మారకూడదు. క్లబ్బు వాళ్ళ దగ్గర అనుభవం ఉంది, మన దగ్గర ఈ బడి మీద మమకారం ఉంది. వాళ్ళ అధ్యక్షురాలు ఏటా మారినా మన కమిటీ నిలబడుతుంది. రెండూ కలిస్తే ఇందాక నేను చెప్పిన జబ్బుకు మందు దొరుకుతుంది.

అయితే ముగ్గురు పూర్వ విద్యార్థినులు ఎక్కడ దొరుకుతారని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ఆ ప్రశ్నే నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. మన చిరునామాల జాబితా తీసి చూడండి. మా తరగతిలో ఆడపిల్లలు మూడో వంతుకు తక్కువ లేరు. జాబితాలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్నారు. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. పెళ్ళయి ఇంటిపేరు మారింది, ఊరు మారింది. నందిగామలో ఒకరు, కోదాడలో ఒకరు, ఖమ్మంలో ఒకరు, హైదరాబాదులో పదిమంది. మనం పాత ఇంటిపేరుతో వెతికి, దొరకలేదని వదిలేశాం. మగవాళ్ళ వాట్సాప్ గ్రూపులు నాలుగున్నాయి, పొద్దున్నే గుడ్ మార్నింగులకు కొదవ లేదు. ఫస్టు మార్కులతో పాసై, ఆ తర్వాత ఏ సభలోనూ కనబడని ఆ అమ్మాయిలను వెతకడానికి ఒక్క గ్రూపు కూడా లేదు. మూడో శతాబ్దపు మేస్త్రి తన తల్లి పేరూ, భార్య పేరూ, కూతురి పేరూ రాతి మీద చెక్కించాడు. కంప్యూటరున్న మనం మన తోటి విద్యార్థినుల పేర్లు కాగితం మీద కూడా నిలుపుకోలేకపోయాం.

ఈ పని డబ్బుతో అయ్యేది కాదు, ఫోనుతో అయ్యేది. ఇక్కడకు వచ్చిన ప్రతి అక్కయ్యా, చెల్లెమ్మా తన తరగతిలో తనకు తెలిసిన ఇద్దరి పేర్లు, ఇప్పటి ఇంటిపేరుతో, ఊరితో సహా ఈ సాయంత్రం లోపల నమోదు బల్ల దగ్గర రాసి ఇవ్వండి. అన్నలు, తమ్ముళ్ళు ఇంటికెళ్ళి మీ ఆడపడుచులను, వదినలను, మరదళ్ళను అడగండి. మా రిటైరైన టీచరమ్మలకు ఒక ప్రత్యేక మనవి. మీకు పాత హాజరు పట్టీలు కంఠతా వచ్చు. ఒక్కో బ్యాచ్ పేరు చెబితే మీరు పేర్లు చదవండి, మేం రాసుకుంటాం. మూలనిధికి మొదటి విరాళం నాది, దాని సంగతి కార్యదర్శిగారితో మాట్లాడుకున్నాను. మొదటి రసీదు రాయాల్సింది మాత్రం మన పూర్వ విద్యార్థిని ఒకరు. ఆమె ఎవరో సభ ముగిసేలోగా మీరే నిర్ణయించండి.

ఎక్కువసేపు మాట్లాడాను. మా లెక్కల మాస్టారు ఇందాకట్నుంచి గడియారం చూస్తున్నారు, నాకు కనబడుతూనే ఉంది.